లిబ్రెఆఫీస్ సరిపోతుందా, ఎక్సెల్ కొనాలా: ఒక చిన్న లెక్కల ఆఫీసు అనుభవం

గుంటూరులో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల ఖాతాలు, జీఎస్‌టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్, మధ్యలో బ్యాంకులకీ డిపార్ట్‌మెంటుకీ రాసే లెటర్లు చూస్తాం. అన్ని సిస్టమ్స్‌లోనూ లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్కదాంట్లో మాత్రం డబ్బు పెట్టి కొన్న మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా ఉంది. చాలా ఏళ్లుగా ఇలాగే నడుపుతున్నాం. రెండిట్లో ఏది తీసుకోమంటారని అడిగేవాళ్లని ముందు ఒకటే అడుగుతాను: మీరు చేసే ఫైలు చివరికి ఎటు వెళ్తుంది? ప్రింటుగానో పీడీఎఫ్‌గానో బయటికి పోయేదైతే కొనక్కర్లేదు. అవతలివాళ్లు మళ్లీ తెరిచి దిద్దేదైతే వాళ్ల దగ్గరున్నదే మన దగ్గరా ఉండాలి.

లిబ్రెఆఫీస్‌ని నేను ఉచితమని మొదలుపెట్టాను గానీ, అట్టే పెట్టుకుంది మాత్రం అందులో ఎక్సెల్ లాంటి కాల్క్ కోసం. మా పనిలో సగం బ్యాంకుల నుంచి వచ్చే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) స్టేట్‌మెంట్లే. వాటిని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన నంబరైతే చివరి అంకెలు సున్నాలైపోతాయి, అలాగే సేవ్ చేస్తే అసలు నంబరు ఇక దొరకదు. 05/04 అని ఉన్న తేదీని సిస్టమ్ సెట్టింగుని బట్టి ఏప్రిల్ 5 అనైనా, మే 4 అనైనా తీసుకుంటుంది. కాల్క్ అలా తనంతట తాను తేల్చేయదు. తెరవకముందే ఒక పెట్టె చూపించి ఏ కాలమ్ టెక్స్ట్, ఏది తేదీ, రోజు ముందా నెల ముందా అని అడుగుతుంది. పార్టీల పేర్లు తెలుగులో ఉన్న ఫైలైతే అదే పెట్టెలో అక్షరాల ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8 ఎంచుకుంటే చాలు, అక్షరాలు చెడవు. ఎక్సెల్‌లోనూ డేటా మెనూలోంచి దిగుమతి చేస్తే ఇదంతా కుదురుతుంది. కానీ పని హడావుడిలో ఆ దారిన వెళ్లేవాళ్లు ఎంతమంది?

రెండోది లక్షలు, కోట్లు. కాల్క్‌లో సెల్ ఫార్మాట్ దగ్గర భాషగా ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకుని #,##,##0 అని ఇస్తే 12,34,567 అని మన పద్ధతిలోనే కామాలు పడతాయి. ఎక్సెల్ మాత్రం విండోస్ రీజియన్ సెట్టింగు చూసి కామాలు వేస్తుంది. ఇక్కడ చక్కగా లక్షల్లో కనిపించిన షీటు, రీజియన్ అమెరికా అని పెట్టుకున్న సిస్టమ్‌లో మిలియన్లలో కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుక్కి ఇక్కడి తండ్రి లెక్కలు పంపినప్పుడు ఇది మాకు తరచూ ఎదురవుతుంది. అందుకే అలాంటివి పీడీఎఫ్ చేసే పంపుతాం.

తెలుగు లెటర్లకి లిబ్రెఆఫీస్‌లో వర్డ్ లాంటి రైటర్ బాగుంది. ఒక్కసారి ఓపిగ్గా సెట్ చేసుకోవాలి, అంతే. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి (మన లిపుల లాంటివాటి కోసం ఉన్న సెట్టింగు) తెలుగు ఎంచుకోండి. అక్కడ తెలుగుకి ఫాంటు, సైజు వేరు, ఇంగ్లిష్‌కి వేరు. ఇది తెలియకపోతే స్టైల్‌లో ఫాంటు మార్చినా తెలుగు కదలదు, సాఫ్ట్‌వేరే పాడైందనుకుంటారు. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని రకాల సిస్టమ్స్‌లోనూ అక్షరాల కూర్పు హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌తో జరుగుతోంది. విండోస్‌లో రాసిన ఒత్తులు లినక్స్‌లో విడిపోతాయన్న భయం నాకు లేదు. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వేసుకుని పీడీఎఫ్ తీస్తే ఫాంటు ఫైల్లోనే వెళ్లిపోతుంది. అను ఫాంట్లలో చేసిన పాత డాక్యుమెంట్ల సంగతి వేరు. అవి యూనికోడ్ (అన్ని సిస్టమ్స్‌కీ ఉమ్మడి అక్షర కోడ్) కావు కాబట్టి కొన్నదానితోనైనా, ఉచితదానితోనైనా అదే తలనొప్పి.

మరి ఎక్సెల్ ఎందుకు కొన్నామంటే, జీఎస్‌టీఆర్-9 కోసం. ఈ జీఎస్‌టీ వార్షిక రిటర్నుకి పోర్టల్ ఇచ్చే ఆఫ్‌లైన్ టూల్ మాక్రోలతో (ఫైల్లోనే ఉండే చిన్న ప్రోగ్రాములతో) నడిచే ఎక్సెల్ ఫైలు. అందులో నింపి, సరిచూసి, పోర్టల్ చదివే జేసన్ ఫైలు తీసి అప్‌లోడ్ చేయాలి. దానికి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఉండాల్సిందే. మాక్రోలున్న ప్రభుత్వ ఫైళ్లని లిబ్రెఆఫీస్‌లో నడిపించే ప్రయోగాలు గడువు దగ్గరపడ్డ రోజుల్లో చేయకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు నయం, ఎక్సెల్ అవసరం లేని ఆఫ్‌లైన్ యుటిలిటీ కూడా విడిగా ఇస్తున్నారు. ఇక జీఎస్‌టీఆర్-2బీని (అమ్మినవాళ్ల రిటర్నుల నుంచి పోర్టల్ తయారుచేసే ఇన్‌పుట్ ట్యాక్స్ జాబితా) కొనుగోళ్ల రిజిస్టరుతో సరిపోల్చే పనిలో, పట్టికల్ని తెచ్చి కలిపే ఎక్సెల్‌లోని పవర్ క్వెరీకి సాటి వచ్చేది కాల్క్‌లో నాకు కనబడలేదు. ఒక పట్టికలోంచి విలువని వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫార్ములా లిబ్రెఆఫీస్ 24.8 వెర్షన్‌తో కాల్క్‌లోకీ వచ్చింది, సంతోషం. కానీ వేల వరసల మీద ఫార్ములాలు పరిచినప్పుడు కాల్క్ బరువెక్కుతుంది. ఆడిటర్‌తో అటూ ఇటూ తిరిగే ఫైళ్లు కూడా ఎక్సెల్‌లోనే ఉంచుతాం. రెండిట్లోనూ మార్చి మార్చి సేవ్ చేస్తే షీటులోని రంగుల నిబంధనలు, కామెంట్లు చెదురుతాయి.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. చందా పద్ధతిలో వచ్చే మైక్రోసాఫ్ట్ 365కి గడువు తీరితే ఫైళ్లు తెరిచి చూడొచ్చు, ప్రింటు తీయొచ్చు, మార్చలేం. ఒకేసారి డబ్బు కట్టి తీసుకున్నదానికి ఆ బెడద లేదు గానీ కొత్త సదుపాయాలు రావు, కొన్నేళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లూ ఆగుతాయి. ఆఫీస్ 2016, 2019 రెండిటికీ 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మరోటి, కొన్నాళ్ల క్రితం దాకా ల్యాప్‌టాప్‌లతో వచ్చిన ‘హోమ్ అండ్ స్టూడెంట్’ ఎడిషన్ని వ్యాపారానికి వాడకూడదని లైసెన్సులోనే ఉంటుంది.

అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే క్రాక్ చేసిన ఆఫీస్ ఊరికే వేసిస్తారు. దయచేసి వద్దనండి. దాన్ని నడపడానికి ముందు యాంటీవైరస్ ఆపమంటారు. అదే సిస్టమ్‌లో నమ్మి ఇచ్చినవాళ్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి. పైగా తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. సొమ్ము లేకపోవడమే కారణమైతే లిబ్రెఆఫీస్ ఉండగా ఆ అవసరమే లేదు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడ్డ దీన్ని ద డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడుపుతోంది. మా ఆఫీసు ఇన్ని సిస్టమ్స్‌లో రోజంతా వాడుతోంది కాబట్టి మేమూ వాళ్ల సైటు నుంచి కొంత పంపుతుంటాం.