ఫ్రెంచివారి గోదావరి ఊరికి ఒక రోజు యాత్ర

విశాఖపట్నం మద్దిలపాలెం నుంచి ఆదివారాల్లో యానానికి ఒక రోజు యాత్ర నడుపుతున్న ట్రావెల్స్ వారితో, మొన్న ఆగస్టులో నేనూ మా అమ్మా మేనత్తా వెళ్లి వచ్చాము. మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. రానుపోను ప్రయాణం, ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం, ఊరు తిప్పి చూపించే గైడు ఖర్చు అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి. ఆ సొమ్ముకు తగిన యాత్రేనా అని అడిగితే, గోదావరి ఒడ్డున గడిపిన గంటన్నర కోసమైనా వెళ్లి రావచ్చని చెబుతాను. అయితే యానాం చరిత్ర తెలుసుకోవాలన్న కోరికతో బయలుదేరేవారికి, రోజును ఇప్పుడు పంచుతున్న తీరు వల్ల తీరని లోటు జరుగుతోందని కూడా చెప్పక తప్పదు.

ముందుగా ఆ గంటన్నర సంగతి. గైడు యానాం పక్క పల్లెకు చెందిన కుర్రవాడు. మమ్మల్ని ఒడ్డుకు తీసుకువెళ్లి, తడి ఇసుకలో పుల్లతో గోదావరిని గీశాడు. ధవళేశ్వరం దగ్గర నది చీలి గౌతమి ఇటు, వశిష్ఠ అటు వెళ్లే చోటును చూపిస్తుండగా, ఆత్రేయపురంలో పుట్టి పెరిగిన మా అమ్మ, "వైనతేయాన్ని మరిచిపోయావు బాబూ" అన్నది. "నిజమేనండీ అమ్మగారూ" అంటూ అతను వశిష్ఠ నుంచి ఇంకో పాయను లాగాడు. తరువాత గౌతమి వెంట కిందికి వచ్చి, కోరంగి పాయ విడిపోయే చోట పుల్ల గుచ్చి, యానాం ఆ చీలిక దగ్గరే ఉన్నదని చెప్పాడు. ఎగువ నుంచి పడవల మీద దిగే సరుకు, చుట్టుపక్కల పల్లెల నేతగాళ్ల బట్ట, సముద్రానికి పోయే దారి, ఈ మూడూ ఒక్కచోట కలిసే తావు కాబట్టే పరదేశపు వర్తకుల కన్ను ఇక్కడ పడిందని అతను చెప్పిన తీరు ఇప్పటికీ నా మనసులో ఉంది. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ స్థావరం పెట్టి, వ్యాపారం గిట్టుబాటు కాక 1727లో వదిలివేసి, 1731లో మళ్లీ వచ్చారు. ఆమడ దూరం కూడా లేని ఇంజరంలో ఇంగ్లీషువారు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారు ఉండేవారంటే, ఈ నదీముఖాల కోసం ఎంత పోటీ నడిచిందో అర్థమవుతుంది.

ఆ నది చేసిన మేలుతోపాటు కీడునూ అతను దాచలేదు. 1839 నవంబరు నాటి తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టిన వైనం చెప్పి, మమ్మల్ని ఒక సందులోకి తీసుకువెళ్లి, ఒక ఇంటి గోడ మీద 2022 జూలై వరద ఆగిన గీతను చూపించాడు. సున్నం వేసినా ఆ బురద చార పోలేదు. బర్మాలో తెలుగువారందరినీ కోరంగీలు అని పిలిచేవారని నేను చిన్నప్పుడు విన్నాను. ఒకప్పుడు మనవారిని అంత దూరం పంపిన రేవు ఇంత దగ్గరలో ఉండేదని ఆ గోడ దగ్గర నిలబడినప్పుడే నాకు పట్టుబడింది.

ఇక లోటు గురించి. నది ఒడ్డు నుంచి బయలుదేరాక, ఈఫిల్ టవర్ పోలికలో కట్టిన కొత్త టవర్ దగ్గర వరుసలో నిలబడటానికే గంటకు పైగా పోయింది. ఫ్రెంచివారి కాలంలో కట్టిన పాత కతోలిక చర్చికి మిగిలింది పదిహేను నిమిషాలు, అదీ గేటు బయటి నుంచి. పాత ఊరిని నడిచి చూడాలన్న మా మేనత్త కోరిక తీరనే లేదు. ఆవిడకు ఈ ఊరితో సంబంధం వేరు. 1930లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమలులోకి వచ్చాక, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి గడ్డ కాబట్టి, చుట్టుపక్కల జిల్లాల వారు పసిపిల్లలను ఇక్కడికి తెచ్చి పెళ్లిళ్లు చేసేవారు, అందుకే దీనికి కల్యాణపురం అన్న పేరు వచ్చింది. ఆవిడ అత్తగారి పెళ్లి అలాగే ఇక్కడ జరిగింది. ఆ పెళ్లిళ్ల ప్రస్తావన గైడు నోట ఒక్క ముక్క కూడా రాలేదు.

ఇంకొక సవరణ కూడా అవసరం. యానాం 1954లో మన దేశంలో కలిసిపోయిందని చెప్పి అతను ముగించాడు, కానీ ఆ కథ అంత సూటిగా లేదు. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న ఊరు ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది, అదే ఏడాది నవంబరు 1న పరిపాలన భారతదేశం చేతికి వచ్చింది, 1956 మే 28న అప్పగింత ఒప్పందం మీద సంతకాలు జరిగాయి, చట్టప్రకారం పూర్తి బదిలీ 1962 ఆగస్టు 16న గాని కాలేదు. 30 చదరపు కిలోమీటర్ల ఈ తెలుగు ఊరు, 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి కింద ఈనాటికీ ఎందుకుందో అడిగే పిల్లలకు ఈ మెట్లన్నీ చెప్పవలసిందే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది వెళ్లేటప్పటి ప్రయాణం. అనకాపల్లి దాటగానే బస్సులో సినిమా పెట్టారు, కాకినాడ వరకు అదే మోత. నిజానికి ఈ కథ మన విశాఖలోనే మొదలుపెట్టవచ్చు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం నడిపిన ఫ్రెంచి సేనాని బుస్సీ దొరే, ఆ జూన్ నెలలో విశాఖపట్నం వచ్చి ఇంగ్లీషువారి కోటను పట్టుకున్నాడు. మరుసటి ఏడాది విజయనగరం ఆనందరాజు దానిని ఫ్రెంచివారి నుంచి లాక్కుని ఇంగ్లీషువారికి అప్పగించాడు. ఆ డిసెంబరులోనే ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ చేతిలో ఫ్రెంచి సైన్యం చందుర్తి దగ్గర ఓడిపోయింది, దానితో ఉత్తర సర్కారుల్లో, అంటే ఈ కోస్తా జిల్లాల్లో, వారి పెత్తనానికి కాళ్లు విరిగాయి. కత్తిపూడి దగ్గర మలుపు తిరిగి పిఠాపురం వెళ్లే మా బస్సు, చందుర్తి ఉన్న గొల్లప్రోలు మండలం మీదుగానే, సినిమా పాటలతో సాగిపోయింది. అక్కడ పది నిమిషాలు ఆపి ఇంత చెబితే, యానానికి చేరేవారి చూపే వేరుగా ఉంటుంది.

భోజనం మామూలు, వంక పెట్టడానికి లేదు. పులస పులుసుకు వేరే డబ్బు తీసుకున్నారు. ముక్క నోట పెట్టగానే మా అమ్మ, ఇది ఏటికి ఎదురీదిన చేప కాదని తేల్చేసింది. పులస మీద ఆశతో వెళ్లేవారు ఒడ్డున జాలర్ల దగ్గర చూసి కొనుక్కోవడం మంచిది.

ఈ మాటలన్నీ నిర్వాహకులకు ఫోనులో చెప్పాను. ఓపికగా విన్నారు, సినిమా తీసేసి దారిలోనే కథ చెప్పిస్తామని, టవర్ దగ్గర సమయం తగ్గిస్తామని అన్నారు. వచ్చే నెల యాత్రకు మా పెద్దమ్మ పేరు రాయించాను. చందుర్తి దగ్గర ఆపారో లేదో ఆవిడ వచ్చాక ఇక్కడే రాస్తాను.