హైలక్స్ 2.8 డీజిల్: రన్నింగ్-ఇన్‌లో ఇంజిన్ తీరు

టయోటా హైలక్స్‌లోని 2.8 లీటర్ల టర్బో డీజిల్‌ను కొత్తలో, అంటే భాగాలు ఒకదానికొకటి అమరే రన్నింగ్-ఇన్ దశలో, మరీ సుతారంగా, ఒకే వేగంలో నడిపితే దానికి మేలు జరగదు. ఇంజిన్ ఫ్రీ అయ్యాక, మొదటి వెయ్యి కిలోమీటర్ల తీరును ఇప్పటి తీరుతో పోల్చి చూశాకే ఈ మాట అంటున్నాను.

ఆటోమేటిక్‌లో 500 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 1600 నుంచి 2800 ఆర్పీఎం మధ్యే దొరుకుతుంది. మాన్యువల్ గేర్లలో 420 ఎన్ఎం, అదీ 1400 నుంచే మొదలు. కాబట్టి కొత్తలో 3000 దాటించాల్సిన పనే పడదు. బండితో వచ్చే ఓనర్స్ మాన్యువల్ చెప్పేది కూడా సూటిగానే ఉంటుంది: మొదటి 300 కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దు, 800 వరకు ట్రెయిలర్ లాగొద్దు, 1000 వరకు ఒకే వేగంలో ఎక్కువసేపు పోవద్దు. చాలామంది పట్టించుకోనిది ఈ చివరిదే.

సిలిండర్ గోడల మీద హోనింగ్ గీతలు, అంటే తయారీలో కావాలనే గీసిన సన్నని గీతలు ఉంటాయి. వాటి మొనలు అరిగి, పిస్టన్ రింగులు గోడకు సరిగ్గా అతకాలి. రింగును గోడకేసి గట్టిగా నొక్కేది మంట పుట్టించే గ్యాస్ ఒత్తిడే. లోడు లేకుండా గంటలకొద్దీ నడిపినా, బండి ఆపి ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో వదిలేసినా ఆ ఒత్తిడి చాలదు. గీతల మధ్య ఆయిల్ మాడి గోడ గాజులా నునుపెక్కుతుంది. ఇక ఆ ఇంజిన్ ఆయిల్ తాగడం మానదు.

అందుకే టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చాక ఇంకొన్ని కిలోమీటర్లు మెల్లగా పోనివ్వాలి, ఎందుకంటే ఆయిల్ కూలెంట్ కంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. తర్వాత మూడో గేరులోనో నాలుగో గేరులోనో సగం యాక్సిలరేటర్‌తో 1500 నుంచి 2500 ఆర్పీఎం దాకా లాగించి, కాలు పూర్తిగా తీసేసి గేరులోనే వేగం తగ్గనివ్వాలి. ఇది మాటిమాటికీ జరగాలి. పై గేరులో 1200 దగ్గర యాక్సిలరేటర్ అదిమి ఇంజిన్‌ను మూలిగించడం మాత్రం ఎక్కువ ఆర్పీఎం కంటే చెడ్డది. బేరింగుల మీద భారం ఎక్కువగా పడేది అప్పుడే.

ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ వారానికోసారి చూడాల్సిందే. సమతలంగా ఉన్నచోట ఇంజిన్ ఆపి అయిదు నిమిషాలు ఆగి, తుడిచి, మళ్లీ దించి చూడాలి. కొత్తలో మట్టం కాస్త దిగడం మామూలే, రింగులు కూర్చున్నాక ఆగుతుంది. త్వరగా నల్లబడటమూ డీజిల్‌లో మసి వల్లే. మట్టం పెరిగితే మాత్రం భయపడాలి. పొగలోని మసిని పట్టే ఫిల్టరైన డీపీఎఫ్, ఆ మసిని కాల్చేసుకోవడాన్ని రీజనరేషన్ అంటారు. అది మధ్యలో పదే పదే తెగితే, కాలని డీజిల్ ఆయిల్‌లోకి జారే అవకాశం ఉంటుంది. ఒక చుక్కను వేళ్ల మధ్య రుద్దితే పలచగా, డీజిల్ వాసనతో తెలిసిపోతుంది. అప్పుడు ఆయిల్ మార్చేదాకా బండి తిప్పొద్దు.

రీజనరేషన్ మొదలైతే ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది, తెర మీద అప్పటికప్పటి మైలేజీ పడిపోతుంది. ఆ సమయంలో ఇంజిన్ ఆపకుండా పది, ఇరవై నిమిషాలు రోడ్డు మీదే నడపడం మంచిది. కొత్తలో సైలెన్సర్ దగ్గర వచ్చే మాడు వాసన వేరు, అది పైపూత కాలడం వల్ల వచ్చేది, కొన్ని వందల కిలోమీటర్లలో పోతుంది. తీపి వాసన వస్తే మాత్రం కూలెంట్ లీకు వెతకాలి.

షెడ్యూల్‌లో లేకపోయినా 1000–1500 కిలోమీటర్ల మధ్య ఆయిల్, ఫిల్టర్ ఒకసారి మార్చడం నా లెక్కలో దండగ కాదు, లోహపు నలుసులు ఎక్కువగా రాలేది అప్పుడే. డీపీఎఫ్‌కు సరిపడే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయాలి.

ఇంజిన్ ఫ్రీ అయిన మార్పు మొదట తెలిసేది శబ్దంలో కాదు, ఉదయపు కటకటలు డీజిల్‌కు ఎప్పుడూ ఉండేవే. 1600 ఆర్పీఎం దగ్గర టర్బో అందుకునే తీరు మెత్తబడుతుంది, మైలేజీ కొన్ని వేల కిలోమీటర్ల దాకా నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. బరువు వేయడం సగం లోడుతో మొదలుపెట్టి, ఎత్తుల్లో ముందే గేరు తగ్గించాలి. ఎత్తు ఎక్కాక ఇంజిన్‌ను నిమిషంపాటు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపితే టర్బోలో ఆయిల్ మాడదు.