పట్టేసిన భుజం (ఫ్రోజెన్ షోల్డర్): మెల్లగా ఊపడమా, గట్టిగా సాగదీయడమా?

ముందు ఒక్కటి చూసుకోండి. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నొప్పికి మెలకువ వస్తోందా? వస్తుంటే కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర ఇంకా రగులుతూనే ఉంది. ఈ దశలో చేయి పట్టుకుని లాగితే కండరాలు ఎదురు బిగుసుకుంటాయి, నిన్న లేచినంత ఎత్తు ఇవాళ లేవదు.

ఇప్పుడు మేలు చేసేది లోలకం వ్యాయామం. ముందుకు వంగి, బాగున్న చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేతిని వేలాడదీయాలి. ఊపాల్సింది ఒంటిని, చేయి దాని వెంట ఊగుతుంది. భుజం బలంతో చేయి తిప్పితే ఇది ఉత్త శ్రమే. ముందుకూ వెనక్కూ, పక్కలకూ పదేసి సార్లు, రోజుకు 2-3 విడతలు.

నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్లు గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి హద్దు దాటకుండా కదిపినవాళ్లలో 89 శాతం మందికి భుజం బాగా పనిచేసింది. నొప్పిని దాటి సాగదీసినవాళ్లలో 63 శాతం మందికే. అలాగని సాగదీయడం పనికిరాదని కాదు. రాత్రి నొప్పి తగ్గి బిగుతు మాత్రమే మిగిలాక, ఊపినంత మాత్రాన ఆ పొర సాగదు.

అప్పుడు 10-15 నిమిషాలు వేడి కాపు పెట్టి, వెల్లకిలా పడుకోండి. మోచేయి మడిచి, దానికీ ఒంటికీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి, రెండు చేతులతో కర్ర పట్టుకోండి. బాగున్న చేత్తో కర్రను నెడితే రెండో ముంజేయి బయటికి తిరుగుతుంది. బిగుతు తగిలిన చోట 20-30 సెకన్లు ఆగాలి, అయిదుసార్లు. మోచేయి తువ్వాలును వదిలినా, ఒళ్లు తిరిగినా సాగింది పొర కాదు. గంటలో తగ్గే నొప్పి ఫర్వాలేదు. మర్నాటికీ ఉంటే సగానికి తగ్గించండి.

థెరపిస్టు చేత్తో కీలును జరిపే పద్ధతిలో ఓ తమాషా ఉంది. చేయి బయటికి తిరగాలంటే భుజం కీలులో ఉండే చేతి ఎముక గుండ్రటి తలను ముందుకు జరపాలని పుస్తకాల సూత్రం. 2007లో 20 మందిపై చేసిన చిన్న పరీక్షలో వెనక్కి జరిపినవాళ్లకు సగటున 31 డిగ్రీలు కలిసొచ్చాయి, ముందుకు జరిపినవాళ్లకు 3 డిగ్రీలే.

అల్ట్రాసౌండ్, కరెంటు మెషీన్లు ఉపశమనమిస్తాయేమో గానీ బిగుతును విప్పవు. డబ్బు థెరపిస్టు చేతికి, వ్యాయామం నేర్పే సమయానికి పెట్టడం నయం. నొప్పి దశలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వ్యాయామానికి దారి ఇస్తుంది. షుగరున్నవాళ్లు మాత్రం తర్వాత కొన్ని రోజులు రీడింగు పెరుగుతుందని తెలుసుకుని చూసుకుంటూ ఉండాలి.