డాలీ పార్టన్ ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ ఎల్పీ రికార్డు

1971లో విడుదలైన ఈ ఆల్బమ్ రికార్డును ఆబిడ్స్‌లోని ఒక పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. పది పాటలూ కలిపి అరగంట కూడా నిండవు గానీ, అమెరికన్ కళాకారిణి డాలీ పార్టన్ గాయనిగానే కాక రచయిత్రిగానూ ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే ముందు ఇదే వినాలి. ఇందులో ఏడు పాటలు ఆమె రాసినవే.

టెనెసీ కొండల్లో పన్నెండు మంది సంతానంలో నాలుగవదిగా పుట్టిన ఆమెకు తల్లి గుడ్డపీలికలతో కోటు కుట్టి ఇవ్వడం, అది చూసి బడిలో పిల్లలు నవ్వడం మొదటి పాటలోని కథ. పాత చీరల బొంతలు కప్పుకొని పెరిగిన మనకు ఇది పరాయి కథేమీ కాదు. అవమానాన్ని చెప్పే చరణంలో సైతం ఆమె గొంతు ఏడుపులోకి జారకుండా, తల్లి పట్ల గర్వాన్నే వినిపిస్తుంది. ఈ నిగ్రహమే నన్ను కదిలించింది.

గాయకుడు పోర్టర్ వ్యాగనర్ రాసిన మిగతా మూడూ సాదాసీదావి. 1967 నుంచి ఆయన టీవీ కార్యక్రమంలో పాడి పేరు తెచ్చుకున్న డాలీ, 1974లో విడిపోతూ ఆయన కోసం రాసిన వీడ్కోలు పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’పై సగం హక్కులు అడిగితే ప్రఖ్యాత రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకి సైతం ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ గొంతులో ఆ పాటే ప్రపంచమంతా మోగింది.

చిన్నారి డాలీ బొమ్మ ఉన్న అట్ట చక్కగానే ఉంది. రెండో వైపు మాత్రం గీతల వల్ల చిటపటలు వినిపిస్తున్నాయి. పాత ప్రతి కొనేవారు డిస్కును వెలుతురులో వాల్చి చూసుకోవాలి.