రమణారెడ్డి వేషాల్లో ఏది మేలు: డేవిడ్డా, చిన్నమయా, గంటయ్యా?

నెల్లూరులో పాత సినిమాల మాట మొదలైతే హాస్యనటుడు రమణారెడ్డి పేరు రాకుండా ఆగదు. ఆయన మన ఇందుకూరుపేట మండలం జగదేవిపేట మనిషి. సినిమాల్లోకి వెళ్లకముందు నెల్లూరులోనే శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. మాటల్లో ఆయన పేరు వచ్చాక ఎవరో ఒకరు అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: ఆయన వేషాలన్నిట్లో ఏది గొప్ప? నన్ను కూడా చాలామంది అడిగారు. అందుకే ముగ్గురిని పక్కపక్కన నిలబెట్టి చూస్తున్నాను. ‘మిస్సమ్మ’ (1955)లో డేవిడ్, ‘మాయాబజార్’ (1957)లో చిన్నమయ, ‘గుండమ్మ కథ’ (1962)లో గంటయ్య.

మూడూ విజయా సంస్థ వారి సినిమాలే. మూడింటిలోనూ రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, ఎస్వీ రంగారావు ఉన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు దాదాపు వాళ్లే కాబట్టి పోలికలో ఎవరికీ అన్యాయం జరగదు. ‘రోజులు మారాయి’లో కరణం వేషం అంటే ప్రాణమిచ్చేవాళ్లూ ఉన్నారు. బాగా చేశారు, కాదనను. కానీ ఈ మూడింటి పక్కన నిలబడే వేషం కాదది.

డేవిడ్‌తో మొదలుపెడదాం. వేషం చిన్నది, బాధ్యత మాత్రం పెద్దది. కథానాయిక మేరీ (సావిత్రి) వాళ్ల ఇంటికి అప్పిచ్చి, ఆ అప్పు అడ్డం పెట్టుకుని ఆమెను పెళ్లాడాలని చూసే మనిషి డేవిడ్. ఆ బాకీ బెడద లేకపోతే మేరీ ముక్కూమొహం తెలియని మనిషికి భార్యగా నటిస్తూ ఉద్యోగానికి పోదు, కథే నడవదు. ఇక్కడ రమణారెడ్డి తూకం చూడాలి. డేవిడ్ మరీ భయపెడితే సినిమా ఏడుపు కథ అయిపోతుంది. మరీ నవ్విస్తే మేరీ ఎందుకు బాధపడుతోందో మనకు అర్థం కాదు. వాడిని చూస్తే మనకు చిరాకు పుడుతుంది, అసహ్యం పుట్టదు. ఆడపిల్లను అప్పు పేరుతో వేధించేవాడిని అంత తేలిగ్గా భరించగలిగామంటే అది పూర్తిగా నటుడి గొప్పతనమే. అయినా కనిపించేది కాసేపే. అందుకని డేవిడ్‌ది మూడో స్థానం.

గంటయ్య సంగతి వేరు. మన ఊళ్లో ఓటింగ్ పెడితే గంటయ్యే గెలుస్తాడు, నాకు ఆ విషయంలో డౌటు లేదు. జైల్లో ఉన్న మేనల్లుడు భూపతికి గుండమ్మ కూతురు సరోజను కట్టబెట్టాలని ఆ పిల్లకు వచ్చే సంబంధాలన్నీ చెడగొట్టే రకం. ఆ భూపతి వేషం వేసింది రాజనాల, కావలి మనిషి. మామా మేనల్లుళ్లిద్దరూ మన జిల్లావాళ్లే కావడం ఇక్కడివాళ్లకు అదనపు సంతోషం. గుండమ్మ వేషం వేసిన సూర్యకాంతం ముందు గొంతు పెంచి నెగ్గడం ఎవరివల్లా కాదు. రమణారెడ్డి ఆ పోటీకే దిగలేదు. ఆమె ఎంత పైకి లేస్తే ఆయన అంత కిందికి దిగి, మెల్లగా, మేలు కోరేవాడిలా మాట పడేస్తారు. డి.వి. నరసరాజు రాసిన మాటలు అలా నోట్లో నానబెట్టి వదిలితేనే రుచి. ఇలాంటి మనిషి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు కాబట్టి గంటయ్యను జనం తమవాడిగా గుర్తుపట్టారు.

మరి నా ఓటు చిన్నమయకు ఎందుకు?

నటుడిని తూచడానికి నాకు ఒకటే కొలత. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఇతను ఏం చేస్తున్నాడు? తన మాట తాను బాగా చెప్పడం అనుభవం ఉన్న నటులందరికీ వస్తుంది. వినడం కొందరికే వస్తుంది. చిన్నమయ రాక్షసరాజు ఘటోత్కచుడి ఆశ్రమంలో గురువు. అక్కడ పాఠం చెప్పే సీను మళ్లీ ఒకసారి పెట్టుకుని, ఘటోత్కచుడిగా వేసిన రంగారావును పక్కన పెట్టి రమణారెడ్డినే చూడండి. ‘దుష్ట చతుష్టయం’ అనమంటే శిష్యుడు ‘దుషట చతుషటయం’ అంటాడు. తప్పు పలికాడని గురువు మండిపడతాడు. తీరా రాజు శిష్యుడి పక్షం వహిస్తాడు. ‘తస్మదీయులు’ అనే లేని మాట పుట్టించినందుకు మెచ్చుకోలుగా మెడలో వేసే వీరతాడు కూడా వాడికే పడుతుంది. ఆ కాసేపట్లో ఆ గురువు మొహం ఎన్ని రంగులు మారుతుందో చూడండి. వ్యాకరణం తనవైపు ఉంది, అధికారం అవతల ఉంది. చదువుకున్న మనిషి చదువు తెలియని అధికారి ముందు పడే ఇబ్బంది అంతా అక్కడ ఉంది. సినిమాకు మాటలు రాసిన పింగళి మాటలకు అందరం మురిసిపోతాం. ఆ మాటలు పేలాలంటే వాటిని విని తట్టుకోలేక తట్టుకునే ఒక పండితుడు పక్కనుండాలి. ఆ పండితుడు రమణారెడ్డి.

శరీరం సంగతి కూడా చెప్పాలి. రంగారావు కొండలా నిలబడి ఉంటే పక్కన ఈ బక్క మనిషి. చాలామంది హాస్యనటులు అలాంటి చోట సన్నదనాన్నే వాడుకుని నవ్విస్తారు. ఈయన ఒళ్లు వంచరు, తడబడరు. గురువుననే బిగువు ఎక్కడా వదలరు. తాను హాస్యపాత్రనని చిన్నమయకు తెలియదు, అందుకే అంత నవ్వొస్తుంది. కూర్చున్నవాళ్లను ఆడించే మాయ మంచం గిల్పం, మాయ కంబళి గింబళి చూపించేటప్పుడు కూడా ఆయన మొహంలో కనిపించేది పని తెలిసిన మనిషి శ్రద్ధ. దానికి కారణం లేకపోలేదు. రమణారెడ్డి నిజజీవితంలో ఇంద్రజాలికుడు, స్టేజీ మీద మ్యాజిక్ ప్రదర్శనలిచ్చిన మనిషి. మాయ చేసేవాడు తాను నవ్వకూడదని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

“అదేందన్నా, గంటయ్యను పక్కనబెట్టి చిన్నమయ అంటావు” అని తగువుకొచ్చేవాళ్లకు నా జవాబు ఇదే. గంటయ్య లాంటి వేషాన్ని మంచి రచయిత, ఎదురుగా సూర్యకాంతం ఉంటే ఇంకొకరు కూడా దగ్గరదాకా తేగలరేమో. రంగారావు అంత ఊపుమీదున్న సీన్లలో, ఎక్కువ భాగం వింటూ, మన చూపు తనవైపు లాక్కోవడం ఇంకొకరికి సాధ్యమని నాకు అనిపించదు.

ఇంట్లో పిల్లలకు రమణారెడ్డిని మొదటిసారి చూపించాలనుకుంటే మాత్రం ‘గుండమ్మ కథ’తోనే మొదలుపెట్టండి. గంటయ్య ఎత్తులు వాళ్లకు చప్పున అర్థమవుతాయి. ‘మాయాబజార్’ తర్వాత చూపించవచ్చు. 2010లో వచ్చిన రంగుల ప్రింటు కాకుండా నలుపు తెలుపుదే పెట్టండి. చిన్నమయ కళ్లూ కనుబొమలూ అందులోనే బాగా తెలుస్తాయి.