డ్రూల్స్‌లో ఈవెంట్ల గడువు: నాలుగేళ్లు వాడాక

డ్రూల్స్ అంటే మనం రాసిన రూల్స్‌ను, వచ్చే సమాచారంతో సరిచూసి అమలు చేసే సాఫ్ట్‌వేర్ ఇంజిన్. దాని మీద నాకు ఇష్టం పుట్టిందే ఈ ఒక్క సదుపాయం వల్ల. ఈవెంట్లు, అంటే తలుపు తెరవడం లాంటి సంఘటనలు, కాలక్రమంలో వస్తుంటే అందుకునే స్ట్రీమ్ మోడ్‌లో పెడితే, ఏ ఈవెంటును మెమరీలోంచి ఎప్పుడు తీసేయాలో మనం చెప్పనక్కర్లేదు. రూల్స్‌లో రాసిన కాలపరిమితులు చూసుకుని ఇంజినే లెక్క కట్టుకుంటుంది. మాది టీకాలు మోసే శీతల వాహనాల పని. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. "తలుపు తెరిచిన 2 గంటల్లోపు 8 దాటితే డ్రైవర్‌కు మెసేజ్ పంపు" అని ఒక రూల్ ఉంది. తలుపు ఈవెంటును ఆ 2 గంటలూ ఉంచుకుని, తర్వాత తనే వదిలేసేది. రెండేళ్లపాటు గడువు కోసం ఒక్క లైను రాయలేదు. అడిగిన వాళ్లందరికీ ఇదే గొప్పగా చెప్పేవాణ్ణి.

ఇప్పుడూ చెప్తాను, కాకపోతే జరిగింది కూడా కలిపి చెప్తాను.

మూడో ఏడాది ఒక చిన్న రూల్ చేర్చాం. సర్వీసింగ్ బాకీ ఉన్న బండి తలుపు తెరిస్తే లాగ్‌లో రాయాలి, అంతే. అందులో కాలం ఊసే లేదు. వారం తిరక్కుండా ఒక రాత్రి మెమరీ నిండి సర్వర్ పడిపోయింది. రీస్టార్ట్ చేస్తే బాగానే ఉంది, ఐదారు రోజులకు మళ్లీ అదే. హీప్ డంప్ (ఆ క్షణంలో మెమరీలో ఏముందో చూపే ఫైలు) తీసి చూస్తే, రీస్టార్ట్ అయినప్పటి నుంచి వచ్చిన తలుపు ఈవెంట్లు ఒక్కటీ పోకుండా అలాగే ఉన్నాయి. కాలపరిమితి లేని రూల్ ఒక్కటి ఆ ఈవెంటును వాడితే చాలు, అది ఇక ఎప్పటికి అక్కర్లేదో ఇంజిన్‌కు తెలిసే దారి లేదు. అందుకే దాచుకుంటూ పోయింది. అక్కడివరకు నాకు కోపం లేదు.

కోపమంతా తర్వాతి దాని మీద. తలుపు ఈవెంటుకు ఎక్స్‌పైర్స్ అని, అంటే మన చేత్తో రాసే గడువు, 30 నిమిషాలు పెట్టాను. మెమరీ గ్రాఫ్ చదునైంది, టెన్షన్ తీరింది. రెండు వారాలకు గోడౌన్ నుంచి ఫోన్: "బండి లోపల 9 డిగ్రీలుంది, డ్రైవర్‌కు మెసేజ్ రాలేదేంటి సార్?" తలుపు సరిగ్గా పడలేదు, 50వ నిమిషంలో 8 దాటింది. అప్పటికే ఆ తలుపు ఈవెంటును ఇంజిన్ తీసేసింది. మనం రాసిన గడువు డీఫాల్ట్‌గా 'హార్డ్'. ఇంజిన్ కట్టిన 2 గంటల లెక్కను అది పక్కకు నెట్టేస్తుంది. రూల్ తప్పు లేదు, లాగ్‌లో ఎర్రర్ లేదు, హెచ్చరికా లేదు. మెమరీ నిండితే సర్వర్ పడిపోయి కనీసం తెలుస్తుంది. ఇది తెలియనే తెలియదు. కంట్రోల్ రూముకు వెళ్లే మామూలు అలర్ట్ వేరేగా ఉండబట్టి సరిపోయింది.

మందు 7వ వెర్షన్‌లోనే ఉంది. గడువు పక్కన పాలసీ టైమ్ సాఫ్ట్ అని రాస్తే, ఇంజిన్ లెక్క అనంతం అని తేలినప్పుడే మన అంకె వాడుతుంది. అలాగని ఏదో ఒక అంకె వేస్తే కుదరదు. అన్ని రూల్స్‌లోకీ ఎక్కువసేపు ఎదురుచూసే రూల్ కంటే పెద్దదై ఉండాలి. మాది ఇప్పుడు 3 గంటలు. టెస్టుల్లో సూడో క్లాక్ (మనం కావలసినంత ముందుకు జరపగల ఉత్తుత్తి గడియారం) పెట్టి కాలాన్ని 119 నిమిషాలు జరిపి మెసేజ్ వెళ్తోందా అని చూస్తాను. తర్వాత 4 గంటలు జరిపి, రూల్స్‌ను నడిపించే ఫైర్ ఆల్ రూల్స్ పిలిచి, ఫ్యాక్ట్ కౌంట్, అంటే ఇంజిన్ దగ్గర మిగిలిన వాటి సంఖ్య, సున్నాకు దిగిందా అని చూస్తాను. ఇదంతా క్షణాల్లో అయిపోతుంది. ఈ క్లాక్ ఇంత ఉపయోగపడుతుందని నేను అనుకోలేదు.

మా దగ్గర రూల్స్ నలభై లోపే, రాసేది ఇద్దరమే. ఎవరు కొత్త రూల్ చేర్చినా అందులో కాలపరిమితి ఉందా అని రెండోవాళ్లు చూస్తాం. అందుకే ఇంజిన్ కట్టే లెక్కనే ఇప్పటికీ నమ్ముకున్నాను. రూల్స్ పది చేతులు మారే చోటైతే మాత్రం మొదటి రోజే ప్రతి ఈవెంటుకూ సాఫ్ట్ గడువు రాసేవాణ్ణి.