ప్లేటో గెలుపా, ఎపిక్టెటస్ గెలుపా?

గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'లాస్' (చట్టాలు) అనే సంభాషణలో క్రీటు నుంచి వచ్చిన క్లీనియస్ ఒక మాటంటాడు, తనను తాను గెలవడమే అన్ని గెలుపుల్లోకి మొదటిది, తన చేతిలో తానే ఓడిపోవడమంత సిగ్గుచేటు ఇంకోటి లేదని. అంటే యుద్ధం లోపలే. మరో గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ దారి వేరు, గెలుపు నీ చేతిలో లేని పోటీలోకి దిగకు, అప్పుడు నిన్నెవరూ ఓడించలేరు అంటాడు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, పిరికితనం అనుకుంటారు గానీ కాదు, ఒలింపిక్స్‌లో గెలవాలనుందా, అయితే పిండివంటలు మానాలి, చన్నీళ్లు తాగకూడదు, కాలు బెణుకుద్ది, బోలెడు దుమ్ము మింగాలి, అన్నీ చూసుకుని అప్పుడు దిగు అన్నదీ ఆయనే. ఒకప్పుడు బానిసగా బతికిన ఆ మనిషి పాఠాలు చెప్పింది నికోపోలిస్‌లో, ఆ పేరుకి అర్థం అచ్చంగా విజయనగరమే, క్రీ.పూ. 31లో ఆక్టియం యుద్ధం గెలిచాక రోమన్ చక్రవర్తి అగస్టస్ కట్టించిన ఊరు.